ఒక మోల్ ఇడ్లీలు అనొచ్చా? బెంగళూరులో 22.4 లీటర్ల లెక్క ఎందుకు తప్పుతోంది?

మారతహళ్ళి_ఆదివారం

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తొమ్మిది, పది చదివే తెలుగు పిల్లలు పన్నెండు మందికి ఆదివారాలు గంటసేపు సైన్స్ క్లాసు నడుస్తోంది. వచ్చే వారం అంశం మోల్, అంటే అణువుల్లాంటి కణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే రసాయనశాస్త్రపు కొలత. ఒక మోల్‌లో ఉండే సంఖ్య అందరికీ కంఠతా వచ్చు, 6.022 × 10²³. కానీ "డజను అరటిపళ్ళు అన్నట్టే ఒక మోల్ ఇడ్లీలు అనొచ్చా?" అంటే సగంమంది అనొచ్చంటున్నారు, సగంమంది కూడదంటున్నారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. దీనికి సరైన జవాబేమిటి? బల్ల మీద పెట్టి, చేత్తో ముట్టుకునేలా మోల్‌ని ఎలా చూపించాలి?

ఇంకో చిక్కు. 4.2 గ్రాముల వంటసోడాని 100 మి.లీ. వెనిగర్‌లో వేసి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసుని ట్యూబుతో నీళ్ళలో బోర్లించిన 2 లీటర్ల సీసాలోకి పంపిస్తున్నాం. సోడా మోల్ 84 గ్రాములు, మాది 0.05 మోల్ కాబట్టి, మోల్ గ్యాసుకి 22.4 లీటర్ల లెక్కన 1.12 లీటర్లు రావాలి. వస్తున్నది 1.3 దాకా. తక్కువ వస్తే లీకు అనుకోవచ్చు, ఎక్కువెలా వస్తుంది? త్రాసు 0.01 గ్రాముది, 200 గ్రాముల దాకా తూస్తుంది. వెనిగర్ సీసా మీద 4 శాతం అని ఉంది.

తూకంరాయి

ముందు ఇడ్లీల సంగతి. అనొచ్చు, కానీ ఆ మాటతో పని జరగదు. ఇడ్లీ 40 గ్రాములనుకుంటే మోల్ ఇడ్లీలు సుమారు 2.4 × 10²² కిలోలు, చందమామ బరువులో మూడో వంతు. ఎస్‌ఐ (అంతర్జాతీయ కొలమానాల పద్ధతి) నిర్వచనం మోల్‌ని కణాలకు కేటాయించింది: పరమాణువు, అణువు, అయాన్, ఎలక్ట్రాన్, లేదా ఫలానా కణాల గుంపు అని ముందే చెప్పుకున్నది ఏదైనా. ఇడ్లీలను ఒక్కొక్కటిగా ఎంచగలం, డజను చాలు. కణాలను ఎంచలేం, తూచగలం. తూచి ఎంచడానికి పెట్టుకున్న కొలత మోల్. పిల్లలకు ఎక్కాల్సిన ముక్క ఇదే.

అందుకే డజను కన్నా కాగితాల రీము మంచి పోలిక. అవెన్యూ రోడ్డు స్టేషనరీ షాపుల్లో 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) ఏ4 రీములు రెండూ దొరుకుతాయి. రెండింట్లోనూ 500 కాగితాలే. ఏ4 వైశాల్యం 0.0624 చదరపు మీటర్లు కాబట్టి ఒక్కో కాగితం 4.37 గ్రాములు, 4.99 గ్రాములు, రీములు 2.18 కిలోలు, 2.49 కిలోలు. ఒక జట్టుకి ఈ కాగితం, ఇంకో జట్టుకి ఆ కాగితం ఇచ్చి, ఎంచకుండా చెరో 50 తీయమనండి. 218 గ్రాములు ఒకరు, 249 గ్రాములు ఇంకొకరు తూయాలి (మీ చిన్న త్రాసు 200 దాటదు కాబట్టి దీనికి వంటింటి త్రాసు వాడండి). తర్వాత ఎంచి చూసుకుంటారు. ఒక మోల్ కోసం కార్బన్ 12 గ్రాములు, ఇనుము 55.8 గ్రాములు ఎందుకు తూస్తున్నామో అక్కడే అర్థమవుతుంది.

దీని తర్వాత రూపాయి బిళ్ళలు పెట్టండి, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. 2011 నుంచి వచ్చిన రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు, 2019 తర్వాతి చిన్న బిళ్ళ 3.09 గ్రాములు. పెద్దవి 30, చిన్నవి 10 ఒక పలుచటి కవరులో కలపండి. మొత్తం 144.6 గ్రాములు, సగటు 3.615. కవరు బరువు మినహాయించి, సగటు చెప్పి, ఎన్ని ఉన్నాయో అడిగితే 40 అని ఠక్కున చెబుతారు. ఇప్పుడు చిన్న బిళ్ళలు పదీ ఏరి విడిగా తూయించండి: 30.9 గ్రాములు. అదే సగటుతో భాగిస్తే ఎనిమిదిన్నర బిళ్ళలొస్తాయి! క్లోరిన్ 35.45 అంటే ఇదే. ప్రకృతిలో దాదాపు 76 శాతం క్లోరిన్-35, 24 శాతం క్లోరిన్-37 కలిసి ఉన్నాయి. ఆ కలయిక మారనంత వరకే 35.45 గ్రాములకు ఒక మోల్. ఒక ఐసోటోపునే (ఒకే మూలకంలో బరువు వేరైన రకం) వేరుచేసి తెచ్చిన నమూనాకి ఆ సంఖ్య పనికిరాదు. అంతకుముందు వచ్చిన 4.85 గ్రాముల పెద్ద రూపాయిలు ఒకటి రెండు కలిసిపోతే లెక్క చెడుతుంది, ముందే ఏరేయండి.

ఇక బల్ల మీదకి, ఒక్కోటీ ఒక్కో మోల్. నీళ్ళు 18 గ్రాములు (మూడున్నర టీస్పూన్లు), ఉప్పు 58.4, వంటసోడా 84, పంచదార 342. రాగి తీగ 63.5 గ్రాములు, ఎలక్ట్రికల్ షాపులో కొని ప్లాస్టిక్ తొడుగు ఒలిచేయాలి. అల్యూమినియంకి వంటింటి ఫాయిల్ అద్భుతంగా పనికొస్తుంది. 27 గ్రాములు అంటే 10 ఘన సెంటీమీటర్లు. ప్యాకెట్ మీద మందం 11 మైక్రాన్లు, వెడల్పు 30 సెం.మీ. అని ఉంటే పొడవు 303 సెం.మీ. వస్తుంది. మూడు మీటర్లు పరిచి, ఒక చివర ఒకరు, రెండో చివర ఇంకొకరు పట్టుకుంటే ఆ పరుపంతా ఒక మోల్ పరమాణువులు. మందంలోనే దాదాపు 38 వేల పరమాణువులు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఉంటుంది. తర్వాత మడిచి త్రాసు మీద పెట్టి సరిచూడండి. కంపెనీలు చెప్పే మందంలో తేడాలుంటాయి. పొడవుకీ తూకానికీ పొంతన కుదరకపోతే తూకాన్నే నమ్మాలి.

పటిక కూడా పెట్టొచ్చు, పొటాష్ పటిక మోల్ 474 గ్రాములు. అందులో 216 గ్రాములు నీళ్ళే, స్ఫటికంలో పన్నెండు నీటి అణువులుంటాయి. కాకపోతే పచారీ కొట్టులో ఇచ్చింది పొటాష్ పటికేనని తెలిస్తేనే. మైలతుత్తం మాత్రం వద్దు. నీలంగా అందంగా ఉంటుంది గానీ విషం, పిల్లల చేతికి రాకూడదు.

సంఖ్యని నోటితో పలికించే పద్ధతి మన భాషలోనే ఉంది. కోటిని కోటితో, మళ్ళీ కోటితో గుణిస్తే 10²¹. కాబట్టి మోల్ అంటే 602 కోట్ల కోట్ల కోట్లు. సెకనుకి కోటి చొప్పున ఎంచుతూ పోతే 190 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

బ్యూరెట్

చెన్నై నుంచి. గ్యాసు ఎక్కువ రావడంలో మీ తప్పేమీ లేదు, బెంగళూరుది.

22.4 అనేది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గరి సంఖ్య. ఆ రెండూ మీ క్లబ్‌హౌస్‌లో లేవు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం సుమారు 910 హెక్టాపాస్కల్స్. 26 డిగ్రీల గదిలో మోల్ గ్యాసు ఎంత చోటు ఆక్రమిస్తుందంటే 8.314 (వాయు స్థిరాంకం) × 299.15 (కెల్విన్‌లో ఉష్ణోగ్రత) ÷ 91,000 (పాస్కల్స్‌లో పీడనం) = 0.0273 ఘన మీటర్లు, అంటే 27.3 లీటర్లు. ఇదే లెక్క చెన్నైలో 30 డిగ్రీలకి, 1010 హెక్టాపాస్కల్స్‌కి వేస్తే 25 లీటర్లు. ఒకే మోల్, రెండు ఊళ్ళకీ రెండు లీటర్ల పైన తేడా.

మీ 0.05 మోల్‌కి 1.37 లీటర్లు. నీళ్ళ మీదుగా పట్టారు కాబట్టి సీసాలో నీటి ఆవిరి కూడా ఉంది. 26 డిగ్రీలకి దాని వాటా 34 హెక్టాపాస్కల్స్, గ్యాసుకి మిగిలింది 876. దాంతో 1.42కి పోతుంది. మరి 1.3 ఎందుకొచ్చింది? కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరుగుతుంది, 25 డిగ్రీలకి లీటరుకి దాదాపు 1.45 గ్రాములు. మీ 100 మి.లీ. వెనిగరే 0.003 మోల్ మింగేస్తుంది, తొట్టెలో నీళ్ళు ఇంకొంత. లెక్క సరిపోయింది.

పీడనం విషయంలో ఒక జాగ్రత్త. ఫోన్లో వాతావరణం యాప్ చూస్తే బెంగళూరుకి 1012, 1014 అని కనిపిస్తుంది. అది సముద్రమట్టానికి సవరించి చెప్పే పీడనం, గదిలో ఉన్నది కాదు. దాన్నే సూత్రంలో పెడితే 24.5 వస్తుంది, మళ్ళీ తప్పు. బారోమీటర్ సెన్సర్ ఉన్న ఫోన్లో సెన్సర్ రీడింగ్ నేరుగా చూపే యాప్ వాడండి, 910 చుట్టుపక్కల కనపడాలి.

పిల్లలకి ఈ గొడవంతా లేకుండా చేయాలంటే ఘనపరిమాణం వదిలేసి బరువు తగ్గడం చూపించండి. పలుచటి ప్లాస్టిక్ గ్లాసులో 100 మి.లీ. వెనిగర్, చిన్న కాగితంలో 4.20 గ్రాముల సోడా, రెండూ కలిపి త్రాసు మీద పెట్టి మొత్తం బరువు రాసుకోండి. మీ 200 గ్రాముల హద్దులోనే ఉంటుంది. సోడాని నాలుగైదు విడతల్లో, నిదానంగా వేయండి. ఒక్కసారే గుమ్మరిస్తే నురగ పొంగి తుంపరలు బయటపడతాయి, ఆ నీళ్ళ బరువు కూడా గ్యాసు ఖాతాలో పడిపోతుంది. బుడగలు ఆగాక రెండు నిమిషాలు పుల్లతో తిప్పి, పుల్లని గ్లాసు అంచుకి దులిపి, ఖాళీ కాగితంతో సహా మళ్ళీ తూయండి. 0.05 × 44 = 2.2 గ్రాములు తగ్గాలి. 2.05 నుంచి 2.2 మధ్య వస్తే బాగా చేసినట్టు. ఎత్తుతో, ఎండతో దీనికి పని లేదు.

4 శాతం వెనిగర్‌లో లీటరుకి 40 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, 0.67 మోల్. మీకు కావలసింది 75 మి.లీ., 100 పోస్తే చాలినంత మిగులు. ఇంకో మాట: కొట్టులో బేకింగ్ పౌడర్ అంటగడతారు, అది సోడా కాదు. అందులో పిండి, పొడి ఆమ్లం కలిపి ఉంటాయి, 4.2 గ్రాములకి 0.05 మోల్ రాదు.

తూకంరాయి గారి చందమామ పోలికతో మాత్రం ఏకీభవించలేను. పెద్ద సంఖ్యకి ఇంకో పెద్ద సంఖ్య తగిలిస్తే పిల్లలకి నోరు తెరుచుకుంటుంది గానీ పట్టు దొరకదు. ఒక చుక్క నీళ్ళు చూపించండి. 20 చుక్కలు 1 మి.లీ., చుక్క 0.05 గ్రాములు, 0.0028 మోల్. ఆ చుక్కలో కోటీ 67 లక్షల కోట్ల కోట్ల అణువులున్నాయని వాళ్ళ చేతే లెక్క కట్టించండి.

పదహారు_బిట్లు

ఆ చుక్క లెక్క కట్టించేటప్పుడే పిల్లలు తప్పు చేసేది. కాలిక్యులేటర్‌లో 6.022 కొట్టి, ఇంటూ 10 కొట్టి, ఆ తర్వాత ఎక్స్‌పోనెంట్ మీట నొక్కి 23 కొడతారు. ఆ మీటలోనే "ఇంటూ పది ఘాతం" ఉంది కాబట్టి పది రెండుసార్లు పడి 10²⁴ అవుతుంది. 6.022, మీట, 23, అంతే. రెండోది భాగహారం. ఒక నీటి అణువు బరువుకి 18.015 ÷ 6.022 × 10^23 అని బ్రాకెట్ లేకుండా కొడితే కాలిక్యులేటర్ ముందు భాగించి తర్వాత గుణిస్తుంది, 2.99 × 10²³ గ్రాములు అంటుంది. రావలసింది 10⁻²³. ఒక్క కణం బరువు గ్రాముల్లో వస్తే ఘాతం ముందు మైనస్ ఉండి తీరాలని నేర్పితే తమంతట తామే పట్టుకుంటారు.

బెంగళూరు పిల్లలు కాబట్టి సగంమంది కోడింగ్ కూడా చేస్తుంటారు, వాళ్ళకిది నచ్చుతుంది. 64-బిట్ల కౌంటర్ నిండితే 1.84 × 10¹⁹. మోల్స్‌లో 30.6 మైక్రోమోల్స్, నీళ్ళయితే అర మిల్లీగ్రాము పైచిలుకు. మోల్ దాకా ఒక్కొక్కటే ఎంచాలంటే 79 బిట్లు కావాలి. పైథాన్ పూర్ణాంకంలో 602214076 పక్కన పదిహేను సున్నాలు పెడితే ఖచ్చితంగా ఉంటుంది. అదే దశాంశ రూపంలో, అంటే డబుల్‌లో పెట్టి ఒకటి కలిపితే ఏమీ మారదు, ఎందుకంటే అంత పెద్ద చోట ఒక డబుల్‌కీ పక్క డబుల్‌కీ మధ్య 6.7 కోట్ల ఎడం ఉంటుంది.

కణాలు కానివాటికి మోల్ వాడటంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం, పరిమాణాల పోలిక కోసమైతే. భూమ్మీద 800 కోట్ల మనుషులు 13 ఫెమ్టోమోల్స్. చీమలు 2022లో వెలువడిన అంచనా ప్రకారం 2 × 10¹⁶, అంటే 33 నానోమోల్స్. మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల జీవకణాలు. మనుషులందరి ఒంట్లో జీవకణాలూ కలిపితే 0.4 మోల్, మొత్తం మానవజాతికీ కలిపి ఒక మోల్ కూడా నిండదు. ఇంటర్నెట్‌లో వాడే ఐపీవీ6 చిరునామాలు మాత్రం 5.65 కోట్ల కోట్ల మోల్స్. వరుసలో పెడితే నానో (10⁻⁹), ఫెమ్టో (10⁻¹⁵) కూడా నోటికి అలవాటవుతాయి.

ఎలక్ట్రాన్లనైతే తూకంతో పని లేకుండానే ఎంచొచ్చు. 96,485 కూలంబులు ఒక మోల్ ఎలక్ట్రాన్లు. 5000 మిల్లీఆంపియర్-అవర్ ఫోన్ బ్యాటరీ అంటే 5 × 3600 = 18,000 కూలంబులు, 0.187 మోల్. ఫోన్ నిండా చార్జ్ చేసిన ప్రతిసారీ దాదాపు అన్నేసి ఎలక్ట్రాన్లు బ్యాటరీ బయటి తీగలోంచి ప్రయాణిస్తాయి.

ప్రైమర్_ట్యూబు

బయోటెక్ ల్యాబుల్లో మోల్ రోజూ ఎంపు కోసమే వాడతాం, కాబట్టి ఒక ఉదాహరణ. ప్రైమర్లు (చిన్న డీఎన్ఏ ముక్కలు) ఆర్డరిస్తే పొడిగా, ట్యూబు మీద "24.6 నానోమోల్స్" అని రాసి వస్తాయి. దాన్ని పదితో గుణించి, 246 మైక్రోలీటర్ల నీళ్ళు పోస్తే 100 మైక్రోమోలార్ (లీటరుకి 100 మైక్రోమోల్స్) ద్రావణం. పొడవాటి ప్రైమరైనా పొట్టిదైనా ఇదే సూత్రం. మైక్రోగ్రాముల్లో ఇచ్చి ఉంటే ప్రతిదానికీ పొడవు చూసి భాగించాల్సొచ్చేది. మూత తీసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్కసారి తిప్పాలి. పొడి మూతకి అంటుకుని ఎగిరిపోతే ట్యూబు మీది సంఖ్య నిజం కాదు.

డీఎన్ఏ కాపీలు ఎంచడానికీ ఇదే దారి. డీఎన్ఏ నిచ్చెనలో ఒక్కో మెట్టు లాంటి బేస్ జత మోల్‌కి సుమారు 650 గ్రాములు. 3000 జతల ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్ఏ) మోల్‌కి 19.5 లక్షల గ్రాములు. ఒక్క నానోగ్రాములో 31 కోట్ల కాపీలు.

మారతహళ్ళి_ఆదివారం

అందరికీ చాలా థ్యాంక్స్. యాప్‌లో 1013 చూసే లెక్క వేస్తూ వచ్చాం, సంగతి ఇప్పుడర్థమైంది. ఆదివారం రీముతో మొదలుపెట్టి, రూపాయలు, ఫాయిల్, చుక్క నీళ్ళు, చివర్లో సోడా తూకం. చందమామ కూడా ఉంటుంది బ్యూరెట్ గారూ, ఇడ్లీ ప్రశ్న అడిగింది వాళ్ళే కదా.

రెండు సందేహాలు మిగిలాయి. పరీక్షలో 22.4 రాయాలా 22.7 రాయాలా? సీసాల మీద చీటీలు అంటిస్తున్నాం: నీళ్ళకి "6.022 × 10²³ అణువులు" అని రాశాం. ఉప్పు సీసా మీద కూడా "అణువులు" అనే రాయొచ్చా?

తూకంరాయి

పరీక్షలో ప్రశ్న ఏ పీడనం చెబితే దానికి. 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ అంటే 22.4, 0 డిగ్రీలు, 1 బార్ అంటే 22.7. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) అని ఊరుకుంటే వాళ్ళ పాఠ్యపుస్తకం దేన్ని వాడిందో అదే. రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ 1982 నుంచి 1 బార్‌నే ప్రమాణంగా తీసుకుంది, పాత పుస్తకాల్లో ఇంకా అట్మాస్ఫియరే ఉంది.

పిల్లలెవరైనా "12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని" అని పాత నిర్వచనం చెబితే, అది 2019 మే 20 వరకు. ఆ రోజు నుంచి సంఖ్యే నిర్వచనం: సరిగ్గా 6.02214076 × 10²³, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ అంకెలు తేల్చడానికి ఒక కిలో బరువున్న సిలికాన్-28 గోళాన్ని నున్నగా చెక్కి, స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరాన్ని ఎక్స్-కిరణాలతో కొలిచి, గోళం ఘనపరిమాణాన్ని గడి (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న పెట్టె) ఘనపరిమాణంతో భాగించారు. ఒక్కో గడిలో ఎనిమిది పరమాణువులు. దీన్ని అవగాడ్రో సంఖ్య అంటారు గానీ, ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో 1856లోనే పోయాడు, ఈ సంఖ్య ఎంతో ఆయనకు తెలియనే తెలియదు. దానికి ఆయన పేరు పెట్టింది 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త పెరాఁ.

ఉప్పు చీటీ మార్చండి. ఉప్పులో అణువులు లేవు. సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి స్ఫటికమంతా పేర్చి ఉంటాయి, ఏది ఎవరి జత అని విడదీయలేం. "6.022 × 10²³ సోడియం అయాన్లు, అన్నే క్లోరైడ్ అయాన్లు" అని రాయండి. రాగికీ ఫాయిల్‌కీ "పరమాణువులు". పంచదార సీసా మీద "అణువులు" సరే, కానీ కింద ఇంకో వరుస చేర్చండి: ఒక్కో అణువులో 45 పరమాణువులు కాబట్టి ఆ 342 గ్రాముల్లో 45 మోల్స్ పరమాణువులు. "ఒక మోల్ ఆక్సిజన్" అని ఏ చీటీ మీదా ఒంటిగా రాయనివ్వకండి, 16 గ్రాములో 32 గ్రాములో చదివినవాడికి తెలియదు. అణుబాంబు, అణువిద్యుత్ అనే మాటల వల్ల అణువంటేనే పరమాణువు అనుకునే పిల్లలుంటారు, చీటీలు అంటించే ముందు ఒకసారి వాళ్ళ చేత చదివించండి.